విస్కీ పేరొక్కటే.. లోపలి సరుకు వేరు!

బెంగళూరు మాల్టుకు లండన్‌లో గిరాకీ.. పావగడకు అట్ట ప్యాకెట్టే గతి

పావగడ: సాయంత్రం ఆరు దాటితే చాలు.. పట్టణంలోని వైన్ స్టోర్ల ముందు సందడి మొదలవుతుంది. శెనక్కాయ చేలల్లో పని ముగించుకొచ్చేవారు, గార పనికి పోయి వచ్చేవారు, మడకశిర వైపో రొద్దం వైపో పోయే బస్సు కోసం కాచుకున్నవారు.. అందరిదీ ఒకటే మాట. ‘ఒక నైంటీ ఇవ్వు గురూ!’ అడిగేది విస్కీ. ఇచ్చేదీ విస్కీయే. చేతికి వచ్చేది మాత్రం పండ్లరసం డబ్బాలాంటి చిన్న అట్ట ప్యాకెట్. మూల కత్తిరించడం, ప్లాస్టిక్ గ్లాసులో వంచడం, పైన కూల్‌డ్రింకో నీళ్లో పోసి గటగటా మింగేయడం. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రుచి ఎలా ఉందని అడిగితే నవ్వుతారు. మందుకు రుచేందప్పా, కిక్కు ఉంటే చాలదా అంటారు.

అదే విస్కీని లండన్‌లో కొందరు మూతి సన్నగా ఉన్న గాజు గ్లాసులో పోసుకుని, పది నిమిషాలు వాసన చూసి, ఒక్కో గుక్కకూ ఏ పండు గుర్తొచ్చిందో పుస్తకంలో రాసుకుంటున్నారు. ఆ గ్లాసుల్లోని కొన్ని విస్కీలు ఎక్కడివో తెలుసా? స్కాట్లాండ్‌వి కావు, అమెరికావీ కావు. పావగడ నుంచి బస్సెక్కితే పూట లోపల చేరుకునే బెంగళూరువి!

మన జిల్లాకు దక్షిణాన తయారయ్యే సరుకు ప్రపంచమంతా తిరుగుతోంది. మన పేటలో అమ్ముడయ్యేది ఇంకోటి. రెండింటి మీదా ఉన్న పేరు మాత్రం ఒకటే. ఈ తిరకాసు ఏమిటో చూద్దాం.

గ్లాస్గోలో తొలి అడుగు

బెంగళూరులో అమృత్ డిస్టిలరీస్‌ను రాధాకృష్ణ జగదాలే 1948లో ప్రారంభించారు. మొదట్లో రమ్ము, బ్రాందీ, మామూలు విస్కీ.. సైనిక క్యాంటీన్లకు సరఫరా. సిల్వర్ కప్ బ్రాందీ, ఓల్డ్ పోర్ట్ రమ్ము ఆ ఇంటివే. బార్లీతో తీసిన మాల్టు విస్కీ కూడా అక్కడ తయారయ్యేది. అయితే దాన్ని విడిగా అమ్మకుండా చౌక విస్కీల్లో కలిపేసేవారు.

ఆయన కుమారుడు నీలకంఠ జగదాలే ఆ మాల్టును విడిగా సీసాకెత్తాలని పట్టుబట్టారు. ఆయన కొడుకు రక్షిత్ ఇంగ్లండ్‌లో ఎంబీఏ చదువుతూ, ఇండియా విస్కీని అక్కడి భారతీయ రెస్టారెంట్లలో అమ్మవచ్చా అన్న అంశాన్నే తన ప్రాజెక్టుగా తీసుకున్నారు. 2004 ఆగస్టులో అమృత్ సింగిల్ మాల్ట్ విడుదలైంది. ఎక్కడనుకున్నారు? స్కాచ్‌కు పుట్టినిల్లయిన స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో, కెఫే ఇండియా అనే రెస్టారెంట్‌లో! కొల్లేటి గట్టున కూర్చుని చేపలమ్మడమంటే ఇదే.

తొలి రోజుల్లో కొనేవారు తక్కువ. తర్వాత వచ్చిన అమృత్ ఫ్యూజన్ కథ మార్చేసింది. బ్రిటిష్ రచయిత జిమ్ ముర్రే తన విస్కీ బైబిల్ 2010 సంచికలో దాన్ని ప్రపంచంలో మూడో ఉత్తమ విస్కీగా పేర్కొన్నారు. అప్పటిదాకా ఈ సీసా మనదేశంలో దొరికేదే కాదు. 2010లోనే సొంత ఊరు బెంగళూరు దుకాణాల్లోకి వచ్చింది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నది ఇక్కడ తిరగబడింది.. పొరుగువాడు రుచి చూసి బాగుందంటే గానీ మన ఇంటి కూర మనకు వడ్డించలేదు.

రాగి మాల్టు తెలిస్తే సగం తెలిసినట్లే

సింగిల్ మాల్ట్ అంటే ఏదో బ్రహ్మపదార్థం కాదు. పావగడ తాలూకాలో రాగి మాల్టు తాగని ఇల్లు ఉండదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి చేస్తారు కదా.. మొలక వచ్చాక రాగికి కొంచెం తీపి వస్తుంది. గింజలోని పిండి చక్కెరగా మారడానికి మొలక తలుపు తీస్తుందన్నమాట. విస్కీకి కూడా బార్లీని అలాగే నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతారు. అదే మాల్టు. దాన్ని వేడి నీళ్లలో కలిపి ఆ తీపిని నీటిలోకి దించుతారు. ఈస్టు వేసి పులియబెడతారు. పులిసిన దాన్ని రాగి పాత్రల్లో కాచి ఆవిరి పడతారు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీ ఒక్కదానితోనే చేస్తే అది సింగిల్ మాల్ట్.

ఆరబెట్టేటప్పుడు కింద ‘పీట్’ అనే బురదనేల గడ్డలను కాలిస్తే ఆ పొగ గింజకు పడుతుంది. పీట్ అంటే వేల ఏళ్లు తడిలో కుళ్లి గట్టిపడిన గడ్డీగాదం. మన వానకాలంలో పచ్చి కట్టెలు పెట్టి పొయ్యి ఊదితే వచ్చే పొగ ఉంటుందే.. దాదాపు ఆ దారిలోనే ఉంటుంది. కొందరికి ఆస్పత్రి మందుల వాసన గుర్తొస్తుంది. నచ్చినవారు వదలరు, నచ్చనివారు రెండోసారి ముట్టరు.

కాచి తీసినది నీళ్లలా తెల్లగానే ఉంటుంది. రంగు, రుచిలో పెద్ద వాటా తర్వాత పడుకునే పీపాది.

బోర్బన్ వదిలేసిన పీపాలు

ఇక్కడే అమెరికా బోర్బన్ కథలోకి వస్తుంది. బోర్బన్ అన్న పేరు పెట్టాలంటే అక్కడి చట్టం కొన్ని షరతులు పెట్టింది. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. అమెరికాలోనే తయారవ్వాలి. లోపల మాడ్చిన కొత్త ఓక్ చెక్క పీపాలోనే ఉంచాలి. కొత్త పీపా అనేది కీలకం. ఒకసారి వాడిన పీపా మళ్లీ బోర్బన్‌కు పనికిరాదు. మరి ఆ పీపాలన్నీ ఏమవుతాయి? ఓడలెక్కి స్కాట్లాండ్‌కు పోతాయి. బెంగళూరుకూ, గోవాకూ వస్తాయి. మాడిన చెక్కలో ఇంకిన బోర్బన్ తీపి, వెనీలా వాసన ఇక్కడి బార్లీ సారాన్ని పట్టుకుంటాయి. అమృత్ సీసాలో కనిపించే వెనీలా, కొబ్బరి వాసన చాలావరకు ఆ కెంటకీ చెక్కదే.

అసలు బోర్బన్ రుచి ఎలా ఉంటుంది? స్కాచ్ కన్నా తీపి ఎక్కువ. ముదురు పాకం, వేయించిన మొక్కజొన్న కంకి, ఎండు కొబ్బరి, చివర్న మిరియాల ఘాటు. రై గింజలు ఎక్కువ కలిపితే ఘాటు పెరుగుతుంది. మేకర్స్ మార్క్‌లో రైకి బదులు గోధుమ వాడతారు, అందుకే గొంతులో మెత్తగా దిగుతుంది. సెలవులకు వచ్చే సాఫ్ట్‌వేర్ అల్లుళ్లు విమానాశ్రయం డ్యూటీఫ్రీ నుంచి తెచ్చే జాక్ డేనియల్స్‌ను మనవాళ్లు బోర్బన్ అంటారు గానీ, కంపెనీ దాన్ని టెనెసీ విస్కీ అనే అమ్ముతుంది. మేపుల్ చెట్టు బొగ్గుల గుండా వడగట్టడం దాని ప్రత్యేకత.

2025 ఫిబ్రవరిలో కేంద్రం బోర్బన్ దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. స్కాచ్ సంగతీ కదిలింది. 2025 జూలైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం మొదట 75కు, పదేళ్లలో 40కి దిగాలి. సుంకం తగ్గిందని సీసా ధర సగమవుతుందని ఆశపడితే మాత్రం నిరాశే. దాని మీద రాష్ట్రాల ఎక్సైజు బాదుడు వేరే ఉంటుంది.

ఎండ ఇచ్చేది.. ఎండ తాగేది

స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం విస్కీ ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు అక్కడ. బెంగళూరులో? ఏకంగా 10 నుంచి 12 శాతం! మన దేవదూతలకు దాహం ఎక్కువని నవ్వుకోవచ్చు గానీ కంపెనీకి అది ఏడుపే. లెక్క వేసి చూడండి. 200 లీటర్ల పీపా, ఏడాదికి 10 శాతం చొప్పున ఆవిరైతే అయిదేళ్లకు 118 లీటర్లు, పదేళ్లకు 70 లీటర్లు మిగులుతుంది. అదే పీపా స్కాట్లాండ్‌లో పదేళ్లున్నా 163 లీటర్లు ఉంటుంది.

అందుకే మనదేశపు సింగిల్ మాల్టుల్లో ఎక్కువ వాటి మీద వయసు రాయరు. అయిదారేళ్లకే సీసాకెత్తేస్తారు. దాన్ని చూసి లేత సరుకు అనుకోరాదు. వేడికి విస్కీ చెక్కలోకి చొచ్చుకుపోతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. ఈ రాకపోకలతో చెక్క రుచి త్వరగా పడుతుంది. ఇక్కడి ఏడాది అక్కడి మూడేళ్లకు సమానమని ఈ రంగంలోని వారు చెబుతుంటారు. అమృత్ తన 75 ఏళ్ల గుర్తుగా తెచ్చిన ఎక్స్‌పెడిషన్ వయసు 15 ఏళ్లు. తెచ్చింది 75 సీసాలే. పైన చెప్పిన లెక్క ప్రకారం 15 ఏళ్లకు 200 లీటర్ల పీపాలో మిగిలేది 41 లీటర్లు. కొరత ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. గ్రీడీ ఏంజెల్స్ అని ఇంకో సీసాకు పేరు కూడా పెట్టారు. అంటే అత్యాశ దేవదూతలు!

పావగడ ఎండలో ఒక పీపా పెడితే? బెంగళూరు కన్నా ఇక్కడ వేడి ఎక్కువ, గాలిలో తేమ తక్కువ. పొడి గాలిలో స్పిరిట్ కన్నా నీరే ముందు ఎగిరిపోతుంది. మిగిలిన విస్కీ పలుచబడకపోగా ఏటేటా ఘాటెక్కుతుంది. తిరుమణి వైపు సోలార్ పలకలకు పనికొచ్చిన ఎండ దీనికీ పనికొస్తుందేమో గానీ, దేవదూతలకు సమర్పించుకోవడానికి ఎవరు ముందుకొస్తారు!

పేర్లు మనవే.. రుచులూ మనకు తెలిసినవే

కొత్త సీసాల గురించి రాసే ఇంగ్లిష్ పుస్తకాలు టాఫీ, మార్మలేడ్, క్రిస్మస్ కేకు అంటూ పోతాయి. పావగడ నాలుకకు అవేం తెలుస్తాయి? నిజానికి తెలుగులో ఆ రుచులకు కొరతేమీ లేదు. వాటిని మన వంటింటి మాటల్లో చెప్పుకుంటే సరిపోతుంది.

మామూలు అమృత్ సింగిల్ మాల్ట్ 46 శాతం. ఓళిగ పూర్ణంలోని బెల్లం, యాలకులు, ఆ వెనక అతిమధురం వేరు నమిలినట్లు ఉంటుంది. ఫ్యూజన్‌ది 50 శాతం. మనదేశపు బార్లీని, పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీని కలిపి చేసింది. మొదట తేనె, ఎండు ద్రాక్ష, తర్వాత పొయ్యి పొగ వస్తాయి. ఆ పొగ మింగిన తర్వాత చాలాసేపు గొంతులోనే ఉంటుంది. కదంబం అనే రకం షెర్రీ, బ్రాందీ, రమ్ము పీపాల్లో ఉండి వచ్చిన రుచుల దండ. పేరు చూస్తేనే మన పూలమాల గుర్తొస్తుంది. నారంగిలో నారింజ తొక్కలు ఊరిన పీపాను ఖాళీ చేసి అందులో విస్కీ పోశారు. తొక్క నలిపితే చేతికి అంటే చేదు, వగరు అందులో తెలుస్తాయి. మూడుసార్లు కాచి తీసిన త్రిపర్వ, సముద్రతీరపు పొగ విస్కీ నెయ్‌దల్ ఇటీవలి ఏళ్లలో వచ్చినవి. నెయ్‌దల్ అన్నది పాత తమిళ కవిత్వంలో తీరప్రాంతానికి పేరు.

బెంగళూరు కేంద్రంగా ఉన్న జాన్ డిస్టిలరీస్ గోవాలో తీసే పాల్ జాన్ 2012లో బ్రిటన్‌లో అడుగుపెట్టింది. అందులో బ్రిలియన్స్ పొగలేనిది, బోల్డ్ పొగది, ఎడిటెడ్ మధ్యస్థం. బ్రిలియన్స్‌లో తేనె, దాల్చినచెక్క, కొంచెం కోకో. కొత్తగా తాగేవారు ముందు దాన్నే చూడాలన్నది అనుభవజ్ఞుల మాట. అందులో అబద్ధం లేదు. హర్యానాలోని ఇంద్రి ఊరి పేరుతో 2021లో వచ్చిన ఇంద్రి త్రిణి బోర్బన్, ఫ్రెంచి వైన్, షెర్రీ అనే మూడు రకాల పీపాల కలగలుపు. దాని 2023 దీపావళి ప్రత్యేక సీసా అమెరికాలో జరిగిన విస్కీస్ ఆఫ్ ది వరల్డ్ పోటీలో అగ్రస్థానం కొట్టింది. రాజస్థాన్‌లో తీసే గోడావన్ 2022లో వచ్చింది. గోడావన్ అంటే బట్టమేక పిట్ట. మన రాయలసీమలో రోళ్లపాడు గుర్తొస్తుందా? ఆ పిట్టే.

ఇన్నింటిలో అన్నీ బాగుంటాయని కాదు. పీపా మోతాదు ఎక్కువైతే చెక్క పొట్టు నమిలినట్లుంటుంది. వేడి దేశపు విస్కీల్లో ఈ లోపం తరచూ కనిపించేదే. షెర్రీ పీపా పేరు చెప్పి ఎక్కువ ధర గుంజే సీసాలూ కొత్తవాటిలో లేకపోలేదు. బహుమతి వచ్చిందని కొనేకంటే 60 మిల్లీ ఎక్కడైనా రుచి చూసి కొనడం తెలివి.

మరి అట్ట ప్యాకెట్లో ఏముంది?

ఇదే అసలు ప్రశ్న. పావగడలో ఎక్కువగా అమ్ముడయ్యే చౌక విస్కీకి ఆధారం బార్లీ కాదు. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్.. అంటే బెల్లపు మడ్డి. దాన్ని పులియబెట్టి, వాసన, రుచి ఏమీ మిగలకుండా 96 శాతం దాకా శుద్ధి చేస్తారు. నీళ్లు కలిపి 42.8 శాతానికి దించుతారు. కాల్చిన చక్కెర రంగు, విస్కీ వాసన చేర్చి ప్యాకెట్టుకెత్తుతారు. ధర పెరిగేకొద్దీ గింజల స్పిరిట్, కొంచెం మాల్టు, ఇంకా పైకెళ్తే కాస్త స్కాచ్ కలుస్తాయి. పీపా ముఖం చూడని సరుకే ఎక్కువ. యూరప్ దేశాల చట్టం ప్రకారం గింజలతో చేయనిదీ, మూడేళ్లు చెక్క పీపాలో ఉంచనిదీ విస్కీయే కాదు. ఆ పేరుతో అక్కడ అమ్మరాదు. మన చట్టం అందుకు అడ్డు చెప్పలేదు. వాసన లేని స్పిరిట్‌కు వాసన పూసినప్పుడు కూల్‌డ్రింకు కలపకుండా తాగమంటే ఎవరు తాగుతారు? రుచేందప్పా అనే కూలీ మాట తప్పు కాదు. ఆయన చేతిలో ఉన్నదానికి ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

విచిత్రం ఏమిటంటే పాల్ జాన్ తీసే కంపెనీదే ఒరిజినల్ ఛాయిస్ అనే చౌక విస్కీ కూడా. కర్ణాటకలో దాన్ని ఎరగని కూలీ లేడు. ఒకే ఇంటి నుంచి రెండు విస్కీలు.. ఒకటి లండన్‌కు, ఒకటి మన పేటకు.

2007 జూలై 1న కర్ణాటకలో ప్యాకెట్ సారాయి నిషేధించారు. తాగేవారు ఆగలేదు, చౌక విస్కీకి మళ్లారు. సారాయి పాకెట్ పోయి అట్ట ప్యాకెట్ వచ్చింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టులో ట్రేడ్‌మార్క్ కేసు విచారణలో ఈ టెట్రా ప్యాకెట్ల మీద న్యాయమూర్తులే ఆందోళన వ్యక్తం చేశారు. పండ్లరసం డబ్బాలా ఉంటే పిల్లలు బడికి తీసుకెళ్లినా తల్లిదండ్రులకు తెలియదు కదా అన్నది వారి అభ్యంతరం.

ధరల సంగతి ఇంకా చేదు. 2024 ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వం ఖరీదైన శ్లాబుల సుంకం తగ్గించింది. 2025 మేలో చౌక శ్లాబుల మీద పెంచింది. సింగిల్ మాల్ట్ సీసా తగ్గాకా నాలుగంకెల్లోనే ఉంది. 2025-26లో కర్ణాటకలో ఉపాధి కూలీ రోజుకు 370 రూపాయలు. ఎంత తక్కువ రకం చూసుకున్నా వారం రోజుల కూలీకి తక్కువ కాదు. పెరిగింది మాత్రం రోజూ కొనే ప్యాకెట్.

నీళ్లు మారితే రుచి మారుతుంది

పావగడలో విస్కీ రుచి మాట వస్తే నీళ్ల మాట రాక తప్పదు. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు, కాచినా పోదు. రుచిని చెడగొట్టేది నీటిలోని మిగతా ఉప్పులు. నాలుగు వేలు పెట్టి కొన్న సీసాలో బోరు నీళ్లు పోస్తే సున్నపు వగరు తప్ప ఏమీ మిగలదు. ఆర్వో ప్లాంటు నీళ్లే మేలు. అదీ గ్లాసు నిండా కాదు, చెంచాడు. కొద్దిగా నీరు చేరితే వాసననిచ్చే పదార్థాలు పైకి తేలుతాయని 2017లో స్వీడన్ శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో తేల్చారు. ఐసు వేస్తే ముక్కుకు తలుపు వేసినట్లే. చల్లదనానికి వాసన ముడుచుకుంటుంది.

గీత దాటితే కేసు

దాదాపు చుట్టూ ఆంధ్ర, మధ్యలో పావగడ. తుమకూరుకు నేరుగా పోవాలన్నా ఆంధ్ర నేల తొక్కాల్సిందే. అందుకే ఇక్కడి మందుకు రెండు రాష్ట్రాల కథ ఉంది. 1995లో ఆంధ్రలో మద్యనిషేధం వచ్చినప్పుడు అటువారు ఇటు వచ్చారు. 2019 అక్టోబరులో అక్కడ ప్రభుత్వ దుకాణాలు వచ్చి, 2020 మేలో ధరలు 75 శాతం పెరిగి, పేరు తెలియని బ్రాండ్లు నిండినప్పుడు మళ్లీ వచ్చారు. అట్ట ప్యాకెట్లు బైకు సీట్ల కింద, కూరగాయల సంచుల్లో దాటాయి. ఆ నేరాలపై నిఘా పెట్టిన ఎస్ఈబీ సిబ్బంది ఉమ్మడి అనంతపురం జిల్లాలో కర్ణాటక మద్యం పట్టుకున్న వార్తలు ఈ పేజీల్లో తరచూ వచ్చేవి. 2024 అక్టోబరు 16 నుంచి ఆంధ్రలో ప్రైవేటు దుకాణాలు, 99 రూపాయల క్వార్టర్ వచ్చాక ఆ ఊపు తగ్గింది. ఎస్ఈబీ కూడా రద్దయింది. చట్టం మాత్రం అలాగే ఉంది. కర్ణాటకలో సుంకం కట్టిన సీసా ఆంధ్ర గీత దాటితే సుంకం కట్టని మద్యమే. పోలీసుల భాషలో ఎన్‌డీపీఎల్. చెక్‌పోస్టులో సీసా మీద అమృత్ అని ఉన్నా, అట్ట ప్యాకెట్ అయినా తేడా చూపరు. మడకశిరలోని బావమరిదికి పండక్కి మంచి సీసా ఇవ్వాలనుకునేవారు అటువైపే కొనుక్కోవాలి.

కన్నడంలో ఎణ్ణె అంటే నూనె. కుర్రాళ్ల మాటల్లో మందు. అంగడికి పోయి ఎణ్ణె కావాలంటే ఏ ఎణ్ణె అని అడిగే రోజులివి. సీసా కొనేవారు లేబుల్ మీద ‘సింగిల్ మాల్ట్’ అన్న రెండు మాటలు, బార్లీ మాట, ఏ డిస్టిలరీలో తీశారన్నది చూసుకుంటే చాలు. మూత సీలు, ఎక్సైజు లేబులు చింపిన జాడ లేకుండా ఉండాలి. ఇక తాగేశాక ఆ ఖరీదైన సీసాను చెత్తలో పడేయకుండా పగలగొట్టడం మంచిది. పెద్ద పేరున్న ఖాళీ సీసాకు పాత సామాన్ల దగ్గర రేటు ఎక్కువ పలుకుతుంది. దాన్ని అంత రేటుకు కొనేది అందులో మళ్లీ ఏదో ఒకటి పోయడానికే.